ఆదివారం చెక్కిన దుంపలు

డోలినాను సాగనంపిన రోజున మా మందిరం అయ్యగారు అన్న మాట నాకు ఇప్పటికీ చెవిలో ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది. "ఈ సోదరి ఎంతటి వినయవంతురాలంటే, తాను తగనని తలచి జీవితమంతా ప్రభువు బల్లకు దూరంగానే ఉండిపోయింది" అన్నాడాయన. ఇంటినిండా జనం, అందరూ తలలూపారు. సంఘపెద్ద టోర్కిల్ అందరికంటే ముందు ఊపాడు. తర్వాత మగవాళ్ళు శవపెట్టెను భుజాలకెత్తుకుని ఒడ్డున ఉన్న శ్మశానానికి వెళ్ళిపోయారు. మా దీవిలో ఆడవాళ్ళు సమాధి దాకా పోరు. అందుకని నేను ఆమె వంటింట్లోనే నిలబడి పళ్ళు పటపట కొరికాను.

వినయమట! ఆమె అడిగింది. వాళ్ళ ఎదుట నిలబడి నోరు తెరిచి అడిగింది. కాదన్నది వీళ్ళు. ఆ సంగతి చెప్పకుండా పోతే నాకు అన్నం సయించదు.

డోలినా నాకు తోడికోడలు. ఆమె భర్త ఫిన్లే, నా భర్త అన్నదమ్ములు. మా రెండిళ్ళకూ మధ్య ఒక రాతిగోడ, ఆ గోడలో గొర్రెలు దూరే సందు. ఫిన్లే గుండె ఆగి పడవలోనే పోయాడు. పిల్లలు లేరు. అప్పటినుంచి ఆమె ఒక్కతే ఆవును, గొర్రెలను, బంగాళాదుంపల మడిని చూసుకుంది. మనిషి పొట్టి, గొంతు పెద్దది. నవ్విందంటే గోడ ఇవతల ఉన్న నాకు వినిపించేది. నేను వెళ్ళకపోతే తనే కేకేసేది: "ఏమే మర్డీనా, బతికున్నావా, టీ తాగి పో!"

మా ఊళ్ళో ఏడాదంతా ప్రార్థన మందిరం చుట్టూనే తిరుగుతుంది. గొర్రెలు ఈనే కాలంలో ఒకసారి, కోతలయ్యాక చలి మొదలయ్యే ముందు ఒకసారి, ప్రభువు రొట్టె పంచే బల్ల రోజులు వస్తాయి. గురువారం మొదలై సోమవారం దాకా ఆరాధనలు. ఆ మధ్యలో పొయ్యిలోకి పీటు మట్టి కోయడం, గడ్డి ఆరబెట్టడం, హెర్రింగ్ చేపకు పీపాల్లో ఉప్పు పట్టించడం. బల్ల రోజులకు చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు, పక్క దీవులవాళ్ళు పడవల మీదా, బస్సుల మీదా దిగుతారు. వాళ్ళందరికీ ఇళ్ళలోనే పడక, ఇళ్ళలోనే భోజనం. వచ్చిన బోధకుడికి మాత్రం ఎప్పుడూ డోలినా ఇల్లే. ఆమె గొర్రెమాంసం సూపు తాగినవాడెవడూ ఇంకో ఇంటికి పోతాననడు. బల్ల మీద పరిచే తెల్లగుడ్డను ఉతికి గంజి పెట్టేది కూడా ఆమే. ఆ గుడ్డ ముందు కూర్చునే అర్హత మాత్రం ఆమెకు లేదట!

మా దగ్గర సంఘంలో సగం మంది చచ్చేదాకా వాక్యం వింటారే తప్ప బల్ల దగ్గరకు రారు. రావాలంటే శనివారం పెద్దల ముందు నిలబడి, నీ ఆత్మలో దేవుడు ఏం చేశాడో చెప్పుకోవాలి. వాళ్ళకు నచ్చితే ఒక చిన్న సీసపు బిళ్ళ చేతిలో పెడతారు. ఆదివారం ఆ బిళ్ళ ఇస్తేనే రొట్టె. నాకు ఆ బిళ్ళ ఉంది. నేనేదో పుణ్యాత్మురాలినని కాదు, ఎవరికీ కనబడకుండా బతకడం తెలిసినదాన్ని. డోలినా భయపడేది. "దేవుడు నన్ను పిలిచాడనడానికి నాకంత గుర్తు ఏదీ దొరకలేదే" అనేది. పోయిన చలికాలం రొమ్ము పట్టేసి మంచం ఎక్కింది. లేచాక ఒకరోజు నా చెయ్యి పట్టుకుని, "ఇంక ఆగలేనే మర్డీనా. ఒక్కసారైనా ఆ బల్ల దగ్గర కూర్చోవాలనుంది" అంది. ఆమె ఎప్పుడైనా తనకోసం ఏదైనా కావాలనుకుందంటే అదొక్కటే.

ఇప్పుడు దుంపల సంగతి. మా ఇళ్ళలో దుంపలు తొక్కతోనే ఉడకేసుకుంటాం. బోధకుడు కూర్చునే భోజనానికి మాత్రం చెక్కి పెట్టాలి. విశ్రాంతి దినాన కత్తి పట్టుకోకూడదు, నీళ్ళు తోడకూడదు. అందుకని శనివారం పొద్దుగూకే లోపే చెక్కి, కుండలో నీళ్ళు పోసి ఉంచుతాం. అంతకు ముందటి శరదృతువులో బల్ల ఆదివారం నాడు ఉత్తరపు ఊళ్ళనుంచి చెప్పాపెట్టకుండా ఇంకో బస్సు దిగింది. డోలినా ఇంట్లో కూర్చోను చోటు లేదు. కుండలో ఉన్నవి చాలలేదు. ఆమె వెనకవైపు తలుపేసుకుని ఒక గంపెడు దుంపలు చెక్కి పొయ్యి మీద పెట్టింది. టోర్కిల్ ఇంకొంచెం సూపు కోసమని వంటింట్లోకి తొంగిచూశాడు. బకెట్లో తడి తొక్కలు చూశాడు. ఏమీ అనలేదు. వెళ్ళి కూర్చుని ఆ దుంపలే మారు వేయించుకుని తిన్నాడు. నేనే వడ్డించాను, నా కళ్ళతో చూశాను.

ఈ వసంతంలో శనివారం మధ్యాహ్నం డోలినా నల్లకోటు తొడుక్కుని పెద్దల గదికి వెళ్ళింది. లోపల ఏం జరిగిందో ఆమె నాకు చెప్పిందే చెబుతున్నాను, ఒక్క మాట కలపడం లేదు. అయ్యగారు మెత్తగా ఏవో రెండు ప్రశ్నలు అడిగాడట. ఈమె తడుముకుంటూ చెప్పుకొచ్చిందట. అప్పుడు టోర్కిల్ గొంతు సవరించుకున్నాడు.

"పోయిన బల్ల ఆదివారం నీ వంటింట్లో తడి తొక్కలు చూశానమ్మా. విశ్రాంతి దినాన చెక్కావా?"

"చెక్కానండీ. మనుషులు ఎక్కువయ్యారు."

"తప్పు చేశానని పశ్చాత్తాపపడుతున్నావా?"

"ఆకలిగా ఉన్నోళ్ళకి పెట్టినందుకా? లేదండీ."

"మరి ఆ మాట అనలేనప్పుడు..." అని అతను అయ్యగారి వంక చూశాడట. అయ్యగారు తన బూట్ల వంక చూసుకున్నాడట. శరదృతువులో మళ్ళీ రమ్మన్నారు. ఆలోచించుకోవడానికి టైము ఇస్తున్నారట, మహానుభావులు!

నేను అగ్గిమీద గుగ్గిలమయ్యాను. "వాడు తిన్లేదా ఆ దుంపలు? ఆ మాట మొహం మీద అడగకపోయావా?"

"పెట్టినోళ్ళం పెట్టామని దెప్పుతామా?" అంది డోలినా.

"పోనీ, తప్పైపోయిందని ఒక్క మాట అనేస్తే పోయేది కదక్కా! నీ సొమ్మేం పోయింది?"

"అబద్ధమాడి దేవుడి బల్ల కాడ కూర్చోమంటావా?" అని నా వంక చూసింది. ఆమె కోటు విప్పి మేకుకు తగిలించి పొయ్యి దగ్గర కూర్చుంది. దుంపల బస్తా మూలనే ఉంది, మూతి కూడా విప్పలేదు.

"చెక్కలేదేం? నే సాయం పట్టనా?"

"ఇవాళ నాకు తీరిక లేదు. పెద్దల కాడికి పోయొచ్చా కదా."

మర్నాడు మందిరంలో ఆమె ఎప్పుడూ కూర్చునే వెనక బెంచీలోనే కూర్చుంది. గాయకుడు కీర్తన ఒక్కో పాదం అందిస్తుంటే మేం అందుకున్నాం. నేను లేచి ముందుకు వెళ్ళాను. ఆమె గంజి పెట్టిన గుడ్డ మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాను. టోర్కిల్ వచ్చి నా బిళ్ళ తీసుకున్నాడు. రొట్టె అందుకుని నోట్లో పెట్టుకున్నాను. దేవుడు నన్ను క్షమించాలి, ఆ పూట నేను ఆయన్ను తలచుకోలేదు, టోర్కిల్‌నే తలచుకున్నాను.

ఆరాధన అయ్యాక అందరూ ఎప్పటిలాగే డోలినా ఇంటికే వచ్చారు. టోర్కిల్ కూడా వచ్చాడు, సిగ్గన్నది ఉంటే కదా! బోధకుడిగా వచ్చిన గిలాండర్స్ గారిని తనే వెంటబెట్టుకుని వచ్చి పక్కన కూర్చున్నాడు. ప్రార్థన కూడా తనే చేశాడు, సూపు చల్లారేదాకా. డోలినా మాంసం పెట్టింది, ఓట్స్ రొట్టె పెట్టింది. తర్వాత బల్ల మధ్యలో పెద్ద పళ్ళెం తెచ్చి దించింది. దుంపలు. తొక్కతోనే, పొగలు కక్కుతూ.

"ఇదేంటమ్మా, చెక్కలేదా?" అన్నాడు టోర్కిల్.

"నిన్న మీ కాడికి వచ్చాను కదండీ, తీరలేదు. ఇవాళేమో విశ్రాంతి దినం. నేను చెక్కితే పాపం. మీకు పరవాలేదంటే మీరే చెక్కుకోండి."

గిలాండర్స్ గారికి సంగతి తెలియదు పాపం, ఒక దుంప తీసుకుని వేళ్ళు కాలుతున్నా ఊదుకుంటూ వలిచేశాడు. మిగతావాళ్ళు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. టోర్కిల్ ఒక దుంపను కాసేపు అటూ ఇటూ దొర్లించాడు. చివరికి తొక్కతోనే నోట్లో పెట్టుకుని నమిలాడు, మట్టి పళ్ళకింద కరకరమంటుంటే. ఓడిపోవడం చేతకాని మనిషి మట్టైనా తింటాడని నాకు ఆ రోజు తెలిసింది.

"మిమ్మల్ని బల్ల దగ్గర చూడలేదేమిటమ్మా?" అని గిలాండర్స్ గారు మర్యాదకే అడిగాడు.

డోలినా గిన్నె కింద పెట్టింది. అప్పటిదాకా ఆమె కంట్లో నీళ్ళు నేను చూడలేదు. ఫిన్లే పోయినప్పుడు కూడా ఆమె నలుగురిలో ఏడవలేదు. "అడిగానండీ. పోయినసారి మీ అందరి కోసం ఆదివారం దుంపలు చెక్కానని వద్దన్నారు. పెళ్ళై ఈ ఇంటికొచ్చిన కాణ్ణించీ మీకు పెడుతూనే ఉన్నాను. నాకు ఒక్క ముక్క రొట్టె పెట్టడానికి మీకు చేతులు రాలేదు."

గిలాండర్స్ గారి మొహం కందగడ్డ అయింది. టోర్కిల్ వంక ఒకసారి చూసి, పొరుగు సంఘం వ్యవహారంలో తాను వేలు పెట్టలేనని గొణిగాడు. శరదృతువులో అంతా సర్దుకుంటుందన్నాడు. సర్దుకుంటుందట! గడ్డి ఆరబెట్టే రోజుల్లో డోలినాకు మళ్ళీ రొమ్ము పట్టేసింది. ఈసారి లేవలేదు.

శరదృతువు వచ్చింది. బల్ల రోజులు దగ్గరపడ్డాయి. నిన్న టోర్కిల్ మా గుమ్మంలో నిలబడి టోపీ చేతిలో నలుపుకుంటున్నాడు.

"బోధకుణ్ణి ఎక్కడ దించాలో తోచట్లేదమ్మా మర్డీనా. డోలినా లేకపోయేసరికి... మీ ఇంట్లో భోజనం ఏర్పాటు చేస్తావేమోనని."

"చేస్తాను. ఒక్క మాట ముందే చెప్తున్నా, విను. మనుషులు ఎక్కువైతే ఆదివారమే చెక్కుతాను. తలుపేసుకుని కాదు, వాకిట్లో పీట వేసుకుని అందరూ చూస్తుండగా చెక్కుతాను. నా బిళ్ళ తీసుకుంటావా, తీసుకో. ఆ దుంపలు తింటారా, తినరా?"

"అతిథుల్ని ఆకలితో పంపలేం కదమ్మా..."

"అతిథుల సంగతి కాదు. నువ్వు తింటావా?"

అతను టోపీ వంక చూశాడు, సముద్రం వంక చూశాడు. "తింటానులే" అన్నాడు.

ఆ ఒక్క మాట వసంతంలో పెద్దల గదిలో అని ఉంటే, మా అక్క ఆ బల్ల దగ్గర కూర్చుని ఒక్క ముక్క తిని పోయేది.