బావ స్పీకర్లకు బోరు కేబులు

మా బావకు మైదుకూరులో బోరు మోటార్ల అంగడి ఉండేది. మోటారు కొనడానికి వచ్చిన రైతు ముందు దాన్ని ఎత్తి చూస్తాడు. బరువుంటే లోపల రాగి బాగా చుట్టారని నమ్మకం. మోటార్ల వరకు అది సబబే. మా బావ ప్రపంచమంతా మోటారే అనుకున్నాడు.

రెండువేల సంవత్సరం దాటిన తొలి రోజుల్లో, కువైట్ నుంచి కడపకు తిరిగొచ్చిన ఒకాయన దగ్గర బావ పాతకాలపు విదేశీ స్పీకర్ల జత, దాంతోపాటు క్యాసెట్ డెక్కు కొన్నాడు. పుస్తకాల అరలో పెట్టుకునే చిన్న స్పీకర్లట. పంచాంగం తప్ప పుస్తకమే లేని ఆ ఇంట్లో అవి మోటారు అట్టపెట్టెల మీద కూర్చున్నాయి. పాతవైనా మంచివి. వాటికి తగిన చవక ఆంప్లిఫయరు ఒకటి దొరికితే చాలు.

మా అక్క సంబరం వేరే. మా అమ్మ పోయాక, ఆమె ఎప్పుడో ఒక పెళ్లిలో పాడిన మంగళహారతి క్యాసెట్‌ను ఆ పెళ్లివాళ్లు వెతికి పంపారు. అమ్మ గొంతు ఇంకెక్కడా లేదు. దాన్ని చివరిదాకా ఒక్కసారి వినాలని అక్క ఆశ. ఇంకెవరింట్లో వేసినా టేపు చుట్టుకుపోతుందని బావ దాన్ని గడప దాటనివ్వలేదు.

ఆంప్లిఫయరు కోసం నన్ను వెంటబెట్టుకుని కర్నూలు పోయాడు. పాత సామాన్ల అంగట్లో ఒక్కొక్కటే ఎత్తి చూస్తుంటే అంగడాయన బిత్తరపోయాడు.

"పాట పెట్టి చూపించేదా అన్నా?"

"పాట యాడికి పోతాదప్పా? ముందు బరువు చూడనీ."

అన్నిటికంటే బరువైనది పెళ్లి పందిళ్లలో మైకులకు వాడేది. దాన్నే భుజాన వేసుకుని బస్సెక్కాడు.

ఇంటికొచ్చి తగిలిస్తే అమ్మ గొంతు కంటే ముందు గుయ్యిమని రొద. ఊరంతటికీ వినిపించే యంత్రానికి కడితే ఆ చిన్న స్పీకర్లు మాత్రం ఏం చేస్తాయి పాపం! బావకు తప్పంతా తీగలో కనిపించింది. సన్న తీగ పీకేసి, బోరులోకి దించే లావు కేబులు తెచ్చాడు. అది స్పీకరు వెనక రంధ్రంలో పట్టలేదు. కొనలు చెక్కి దూర్చాడు. ఆ బరువుకు స్పీకరు వెనక్కి వాలితే నెత్తిన ఇటుక పెట్టాడు.

తీగ మార్చినప్పుడల్లా పరీక్ష అమ్మ క్యాసెట్‌కే. మొదటి చరణం దాకా వినడం, ఆపడం, వెనక్కి తిప్పడం. నాకు ఒళ్లు మండిపోయేది. పైగా బావ మేనరికం చేసుకున్నాడు, ఆ గొంతు ఆయన సొంత మేనత్తది.

ఓపిక నశించి ఒక ఆదివారం పొద్దున నేనే చిన్న ఆంప్లిఫయరు, మామూలు తీగ తెచ్చి తగిలించాను. అమ్మ ఎదురుగా కూర్చుని పాడినట్టే ఉంది. అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మొదటి చరణం అయిపోయింది. రెండోది అందుకుంటుండగా బావ లేచి ఆపేశాడు. నా ఆంప్లిఫయరును ఒంటిచేత్తో ఎత్తి చూశాడు.

"అగ్గిపెట్టె మాదిరి ఉండాది. దీంట్లో బేస్ యాడొస్తాది?"

అక్క క్యాసెట్ తీసుకుని పక్కింటికి బయల్దేరింది. వాళ్ల వంటింట్లో మూత విరిగిన టేప్ రికార్డర్ ఒకటి ఉండేది.

"ఏమ్మే, ఆ డబ్బాలో బేస్ ఉంటాదనుకున్యావా?" అని బావ అరిచాడు.

"మాయమ్మ గొంతులోనూ ల్యా. నువ్వు కేబుల్లు ఇను, నేను మాయమ్మను ఇంటా."

గోడ మీదుగా నాకూ వినిపించింది. మూడో చరణంలో అమ్మ పాట మరిచిపోయి, పకపకా నవ్వి, "అయ్యో, నా కూతుర్ని పిలవండి, అదైతే అందిస్తాది" అంది. బావ అప్పటికే ఇంకో కేబులు కొన చెక్కుతున్నాడు.