ప్లానులో లేని గది

పోయిన వారం కంటి డాక్టరు దగ్గర్నుంచి తిరిగి వస్తుంటే తార్నాక చౌరస్తాలో బండ్లన్నీ నిలిచిపోయాయి. ఆటో అతను వెనక్కి తిరిగి, "క్యాంపస్‌ల నుంచి పోదామా అమ్మా, జల్దీ అయితది" అంటూ నా జవాబు కోసం చూడకుండానే బండి తిప్పేశాడు. అలా ఎన్నో ఏళ్ళకు మళ్ళీ యూనివర్సిటీ రసాయనశాస్త్ర భవనం వెనకనుంచి వెళ్ళాను. అందరూ భవనాలను ముందునుంచి చూస్తారు. నా చూపు మాత్రం వెనక గోడ మీదికే పోతుంది, గొట్టాలు ఉండేది అక్కడే గనక. మా కాలపు పోత ఇనుము పోయి ఇప్పుడు తెల్లటి ప్లాస్టిక్ గొట్టాలు వచ్చాయి గాని, అవి గోడ వెంట దిగే చోటు మారలేదు. ఆ చోట్లు నేను గీసినవే.

పంతొమ్మిది వందల అరవైల చివర్లో, గుంటూరు వైపు ఒక మిషన్ బళ్ళో లెక్కల మాస్టారైన మా నాన్న పట్టుబట్టి చదివించిన ఇంజనీరింగు డిగ్రీ చేతబట్టుకుని, క్యాంపస్‌లోనే ఉండి యూనివర్సిటీ భవనాలకు ప్లాన్లు గీసే ఆఫీసులో చేరాను. భవనం ఆకారం ఎవరో గీసేవారు. దాంట్లోకి నీళ్ళెలా రావాలి, మురుగు ఎటు పోవాలి, ప్రయోగశాలల్లో లేచే ఘాటు పొగ ఎలా బయటపడాలి, ఏ గదిని చల్లగా ఉంచాలి అన్నవి మా బల్లమీదికొచ్చేవి. ఆ హాలు మొత్తానికి ఆడమనిషిని నేనొక్కదాన్నే. నాతో ఎవరూ దురుసుగా ఉండలేదు, అది చెప్పాలి. కాకపోతే నేను తలుపు తీయగానే అప్పటిదాకా వినిపించే నవ్వులు ఆగిపోయేవి, మధ్యాహ్నం అందరూ కలిసి క్యాంటీనుకు వెళితే నేను నా బల్ల దగ్గరే, గీతలు గీసే టీ స్క్వేర్ పక్కకు జరిపి, టిఫిన్ డబ్బా విప్పుకునేదాన్ని. ఒక్కోసారి పొద్దుటినుంచి సాయంత్రం దాకా నా గొంతు నాకే వినబడేది కాదు.

తార్నాకలో, లాలాపేట్ వెళ్ళే దారిలో, రైల్వే వర్క్‌షాపులో పనిచేసి చనిపోయినాయన భార్య ఇంట్లో ఒక గది అద్దెకు తీసుకున్నాను. ఆవిడను పెద్దమ్మా అని పిలిచేదాన్ని. వెళ్ళిన మొదటి సాయంత్రమే జొన్నరొట్టె పెట్టి, "ఒక్కదానివే గింత దూరం వచ్చినవ్, బుగులు గాదా బిడ్డా?" అని అడిగింది. బుగులంటే భయమని నాకు తెలియదు. దిగులు అందేమో అనుకుని అవునని తలూపాను. ఆ రాత్రి నుంచి పాపం నాకు తోడుగా గుమ్మంలో చాప వేసుకుని పడుకునేది. భయం లేదు పెద్దమ్మా, దిగులే అని చెప్పడానికి నాకు మనసొప్పలేదు.

కొత్త రసాయనశాస్త్ర భవనం ప్లాను నా బల్లమీదికి వచ్చినప్పుడు, గొట్టాలు గీయడానికి గదులన్నీ చూసుకుంటూ పోతే, మూడంతస్తుల్లో ఎక్కడా ఆడవాళ్ళకు మరుగుదొడ్డి కనబడలేదు. పొరపాటున చూడలేదేమోనని మళ్ళీ మొదటినుంచి వెతికాను. లేదు. మా ఆఫీసులోనూ లేదు. నేను రోజూ పొద్దున నీళ్ళు తాగడం మానేసి, ఆగలేనప్పుడు ఎండలో తార్నాక దాకా నడిచి పెద్దమ్మ ఇంటికి వెళ్ళి వచ్చేదాన్ని. ఇన్నాళ్ళూ అది నా ఒక్కదాని అవస్థ అనుకున్నాను. ఆ కాగితం చూశాక, నా చేత్తో నేనే దాన్ని రాతిలో కట్టబోతున్నానని అర్థమైంది.

రెండు రోజులు మాటలు కూడగట్టుకుని పెద్ద ఇంజనీరుగారి దగ్గరికి వెళ్ళాను. ఆయన మంచివారే. చెవులు ఎర్రబడగా, నా మొహం చూడకుండా, "ఆ డిపార్ట్‌మెంటువాళ్ళు అడగలేదు కదమ్మా. లేడీ లెక్చరరు ఒక్కరే, అమ్మాయిలు నలుగురైదుగురు" అన్నారు.

అదే ప్లానులో, విదేశం నుంచి రాబోయే ఒక యంత్రం కోసం చల్లటి గది ఉంది. ఒక ఏసీ చెడిపోతే ఇంకొకటి నడవాలని రెండు పెట్టాం. "ఆ యంత్రమూ ఒక్కటే కదండీ" అనేశాను. నా నోట అంత మాట ఎలా వచ్చిందో నాకే తెలియదు. ఆయన వాళ్ళ వైపునుంచి ఎవరైనా వచ్చి చెబితే చూద్దామన్నారు.

ఆ లెక్చరరు నాకంటే పదేళ్ళు పెద్ద. గంజి పెట్టిన నేతచీర, బిగించిన ముడి, ఎవరితోనూ ఎక్కువ మాట్లాడని మనిషి. దూరంనుంచి చూసి, ఈవిడతో స్నేహమైతే ఎంత బాగుండునని ఎన్నోసార్లు అనుకున్నాను. నేను వెళ్ళి సంగతి చెప్పగానే మొహం తిప్పుకుని, "ఇలాంటి మాట మగవాళ్ళ ముందు ఎలా అంటామండీ?" అంది. ఇక రాదనుకుని వచ్చేశాను.

మర్నాడు మధ్యాహ్నం మా హాలు తలుపు తోసుకుని నేరుగా పెద్ద ఇంజనీరుగారి బల్ల దగ్గరికి వచ్చింది. కూర్చోమన్నా కూర్చోలేదు. "ఉద్యోగంలో చేరినప్పటినుంచి పగటిపూట నేను మంచినీళ్ళు తాగనండీ. నా దగ్గర చదివే పిల్లలూ తాగరు. కొత్త భవనంలోనైనా తాగాలని ఉంది" అంది. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, నన్ను ప్లాను తెమ్మన్నారు. మెట్ల పక్కన సామాను గది ఉంది; ప్రయోగశాల గొట్టం దాని వెనకే దిగుతోంది గనక పెద్ద మార్పు లేకుండానే దాన్ని ఆడవాళ్ళ మరుగుదొడ్డిగా మార్చడం కుదిరింది. ఆ సాయంత్రమే గీసేశాను.

ఆనందంగా ఆవిడకు చెప్పడానికి వెళ్ళాను. వినీ విననట్టు తలూపి వెళ్ళిపోయింది. ఆ తర్వాత దారిలో ఎదురైతే పక్కకు తప్పుకునేది. అంతమంది మగవాళ్ళలో తన ఒంటి బాధ చెప్పుకోవలసి వచ్చినందుకు సిగ్గు. దానికి సాక్షిని నేను. నేను కనబడితే ఆ హాలు గుర్తొచ్చేదేమో. చర్చికి వెళ్ళే ఆదివారాలు, రైలు కూతలు వినే సాయంత్రాలు ఎప్పటిలాగే గడిచాయి. భవనం తెరిచేలోపే నాకు విజయవాడలో వేరే ఉద్యోగం వచ్చి వెళ్ళిపోయాను. ఆవిడ ఏ ఊరి మనిషో, ఇంట్లో ఎవరెవరున్నారో ఎప్పటికీ తెలియలేదు.

ఇప్పటి ఆడపిల్లలు ఇలాంటివి బస్సులోనే గట్టిగా మాట్లాడుకుంటారు, కావలసింది ముందే అడుగుతారు. వింటే సంతోషమే. మా రోజుల్లో ఒకే బాధ పడిన ఇద్దరం, అది తీరిన రోజునుంచే ఒకరినొకరు చూసుకోలేకపోయాం. గది కట్టించగలిగాం గాని, ఆ గదిలో ఇద్దరం నిలబడి కాసేపు కబుర్లు చెప్పుకోవడం మాత్రం మాకు చేతకాలేదు.