తుమ్ములకు సున్నా

అత్తగారు స్నానం ముగించి రాకపోవడంతో ఆ ఉదయం అనువాదకురాలి పని ముక్కు దిబ్బడ దగ్గర ఆగిపోయింది. అలర్జీ రోగులు తమ బాధకు సున్నా నుంచి ఆరు దాకా మార్కులు వేసే ప్రశ్నావళి అది. దాన్ని కొరియన్‌లోకి మార్చాలి. కొరియా వాళ్ల కంపెనీలో చాలాకాలం దుభాషిగా చేసిన ఆమె ఇప్పుడు డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని ఈ పని చేస్తోంది.

ఆమెకో పద్ధతుంది. ప్రతి ప్రశ్నా ముందు తెలుగులో అత్తగారిని అడుగుతుంది. ఆవిడ "అంటే?" అనకుండా జవాబిస్తే ప్రశ్న తేటగా ఉన్నట్టు. అప్పుడే కొరియన్‌లో రాస్తుంది.

అత్తగారు వచ్చి కూర్చున్నారు.

"అత్తయ్యా, పోయిన వారం ముక్కు దిబ్బడ మిమ్మల్ని ఎంత ఇబ్బంది పెట్టింది?"

"ఊపిరాడితేగా! ఐదు వేసుకో."

"కళ్ల దురద?"

"అదీ ఐదే. ఇది ఒళ్లోకెక్కిందంటే చాలు, మొదలు."

ఇది అంటే పిల్లి. ఒళ్లోనే ఉంది. నోరు జారిన సంగతి ఆవిడకు వెంటనే తెలిసింది.

"తుమ్ములు?"

"సున్నా," అని తుమ్మారు.

"అత్తయ్యా!"

"దుమ్మమ్మా. ఆ ఫ్యాను తుడిచి ఎన్నాళ్లయింది? ముందటి రెండూ కొట్టేసి సున్నా చెయ్యి."

"పిల్లినెవరూ ఏమీ అనలేదండీ."

"కాగితమ్మీదకెక్కితే మావాడి కంట పడుతుంది. సాయంత్రానికి ఇది గేటు బయట ఉంటుంది."

మిగతా ప్రశ్నలన్నిటికీ సున్నాలే. ఒక్కసారీ "అంటే?" అనలేదు కాబట్టి ప్రశ్నలన్నీ పాసు.

తర్వాతి వారం, ఈ పని ఇచ్చిన అనువాద ఏజెన్సీ కోఆర్డినేటర్ కొరియన్లు వచ్చే ఒక క్లినిక్ నుంచి ఫోన్ చేశాడు. అనువాదాన్ని కొరియన్ రోగుల చేత నింపించి చూడటం వాళ్ల రివాజు. రోగికి అర్థం కాలేదంటే అనువాదం వెనక్కి వస్తుంది. ఆ అనువాదకులకు మళ్లీ పని రాదు.

"మేడమ్, చిక్కొచ్చి పడింది. ఇక్కడో పెద్దావిడ అన్నిటికీ సున్నా పెట్టేశారు. చేతిలో రుమాలేమో తడిసి ముద్దయింది. ఆవిడకు ప్రశ్నలు అర్థం కాలేదని డాక్టరుగారంటున్నారు. తిప్పి పంపమంటున్నారు."

"ఆవిడ ఎక్కడైనా అంటే ఏంటని అడిగారా?"

"లేదండీ. గబగబా పూర్తి చేసేశారు."

"మొదట్నుంచీ సున్నాలేనా?"

"మొదటి రెండిటికీ ఐదు వేసి కొట్టేశారు."

అనువాదకురాలు అత్తగారి వైపు చూసింది. ఆవిడ పిల్లి వీపు నిమురుతున్నారు.

"తిప్పి పంపేముందు, ఇంట్లో ఏం పెంచుతున్నారో అడిగించండి."

"దానికీ దీనికీ సంబంధమేంటండీ?"

"అడిగించండి."

కాసేపటికి కోఆర్డినేటర్ మళ్లీ లైన్లోకొచ్చాడు. "చెప్పనంటున్నారు. ముందు ఆ కాగితం ఎవరెవరు చూస్తారో చెప్పమంటున్నారు."

"ఇంట్లోవాళ్లకు చూపించం అనండి."

ఈసారి ఎక్కువసేపు ఆగక్కర్లేకపోయింది.

"రెండు కుక్కలు, మేడమ్. ఒకటి మంచమ్మీదే పడుకుంటుందట."

అనువాదం వెనక్కి రాలేదు. మొదటి పేజీ పైన "మీ జవాబులు ఇంట్లోవాళ్లకు చూపించం" అన్న వాక్యం మాత్రం కొత్తగా చేర్చమన్నారు. పద్ధతి ప్రకారం ఆమె దాన్ని ముందు తెలుగులో అత్తగారికి చదివి వినిపించింది.

ఆవిడ "అంటే?" అనలేదు. "అయితే తుమ్ములకు ఆరు వేసుకో," అన్నారు.