గిటారుకు గీసిన కంట్రోలు చార్టు

మా ఆవిడ పోయిన మరుసటి ఏడాది నా డైరీలో అన్నీ ఒకే రకం వాక్యాలు. వాన లేదు. కుళాయి రాలేదు. మధ్యాహ్నం నిద్ర. సాయంత్రం గిటారు, నలభై నిమిషాలు. ఇప్పుడు ఆ పేజీలు తిప్పుతుంటే ఎవరో గుమాస్తా రాసిపెట్టినట్టు ఉంటాయి. దుఃఖం దాచుకుని రాసినవి కావు. ఆ రోజుల్లో నాకు నిజంగానే ఏమీ అనిపించేది కాదు. ఆకలి వేసిందని తినలేదు, ఒంటిగంట అయిందని తిన్నాను.

గుంతకల్లులో రైల్వే సెక్షన్ కంట్రోలరుగా రిటైరయ్యాను. ఆ పని తెలియని వాళ్లకు రెండు మాటలు. బల్ల మీద పెద్ద చార్టు ఉంటుంది. అడ్డంగా గంటలు, నిలువుగా స్టేషన్లు. స్టేషన్ మాస్టర్లు ఫోనులో చెప్పే వేళలకు చుక్కలు పెట్టి కలిపితే ఒక్కో బండికి ఒక్కో వాలు గీత. ఏ బండిని వదలాలో, దేన్ని పక్క లైనులో, అంటే లూపులో, నిలపాలో ఆ గీతలు చూసి చెప్పాలి. బండిని మాత్రం చూసేవాళ్లం కాదు. గీతనే చూసేవాళ్లం.

మా వీధి చివర ఇంట్లో ఒక రిటైరైన రైలు డ్రైవరు ఉండేవాడు. ఆంగ్లో ఇండియన్, నాకంటే రెండేళ్లు పెద్ద. పుట్టింది గుంతకల్లులోనే, అందుకే ఇంట్లో ఇంగ్లీషు మాట్లాడినా వీధిలోకి వస్తే మా తెలుగే. రైల్వే క్లబ్బులో అతనూ ఒక గార్డూ కలిసి గిటార్ల మీద బ్లూస్ అనే అమెరికా సంగీతం వాయించేవాళ్లని విన్నాను కానీ, ఎప్పుడూ పోయి వినలేదు. ఆ గార్డు చనిపోయి చాలా కాలమైంది.

ఒక సాయంత్రం మా గేటు దగ్గర నిలబడ్డాడు.

"ఏం కంట్రోలు సారూ, ఊరికే కూర్చోని ఏం చేస్తాండావు?"

"ఏం లేదన్నా."

"నాకొక మనిషి కావాల." ఎడమచెయ్యి చూపించాడు. వేళ్లు సన్నగా వణుకుతున్నాయి. "ఏడాదే అన్నాడు డాక్టరు. నాకు గాదులే, ఈ చేతికి. గార్డు పోయినాక నా పాటకు జవాబు చెప్పినోడు లేడు. చెయ్యి నిలిచిపోయే లోపల ఒక్కసారి ఇనాల."

"నాకు గిటారు రాదు కదన్నా."

"నేర్చుకో. దినామూ ఒకే పని ఒకే టయానికి చేసేది నీకొచ్చు. సగం అదే."

ఎందుకు ఒప్పుకున్నానో డైరీలో లేదు. కాదనడానికి కారణం దొరక్క అయ్యుంటుంది.

గార్డు గిటారు నా చేతిలో పెట్టి, బ్లూస్ అంటే ఏమిటో చెప్పాడు. నాలుగు దెబ్బలు ఒక గడి. అట్లాంటివి పన్నెండు గళ్లు, మళ్లీ మొదటికి. మొత్తం మీద మూడే కార్డులు, అంటే కొన్ని స్వరాలు ఒకేసారి మోగించే పట్లు. అతను ఆ కార్డులు మీటుతూ పోతే, వాటి మీద నేను అప్పటికప్పుడు పుట్టించి వాయించాలి. పుట్టించడానికి సరుకు అయిదే స్వరాలు, పెంటాటోనిక్ స్కేలు. గిటారు మెడ పొడుగునా ఆ అయిదూ అయిదు ఆకారాల్లో, అంటే వేళ్లు పెట్టే అయిదు వరసల్లో, దొరుకుతాయి. ముందు ఆ ఆకారాలు వేళ్లకు పట్టాలి.

మా ఆవిడ పెళ్లికి ముందు కొంత సంగీతం నేర్చుకుంది. ఆమె నోటు పుస్తకంలో శుద్ధ ధన్యాసి రాగం ఆరోహణ, అవరోహణ చూశాను. ఇవే అయిదు. పుస్తకం మూసి బీరువాలో పెట్టేశాను.

గోడ గడియారం టిక్కు టిక్కుకు ఒక స్వరం. నెల తర్వాత టిక్కుకు రెండు. కింది నుంచి పైకి, పై నుంచి కిందికి, ఒక్కో ఆకారం ఇరవై సార్లు. వేళ్ల కొసలు పొక్కి, తోలు ఊడి, గట్టిపడ్డాయి. నొప్పి అని రాసుకున్నాను. నొప్పి తగ్గింది అని రాసుకున్నాను. బయట నీళ్ల ట్యాంకరు వస్తే బిందెల చప్పుడులో గడియారం వినిపించేది కాదు. లైను తగ్గేదాకా ఆగి మళ్లీ మొదలుపెట్టేవాణ్ణి.

అయిదు నెలలకు రమ్మన్నాడు. అతని వరండాలో ఎదురెదురుగా కూర్చున్నాం. నేను తప్పు లేకుండా వాయిస్తున్నాను. ఆరో గడిలో అతను చెయ్యి ఆపేశాడు.

"ఏమప్పా, ఇది ఎప్పుడు చేసినావు?"

"నిన్న."

"ఈపొద్దు నేనడిగేదానికి నిన్ననే జవాబు చెప్పేసినావా?"

నా జేబులోంచి తొంగిచూస్తున్న గ్రాఫు కాగితం లాగాడు. అడ్డంగా పన్నెండు గళ్లు, నిలువుగా అయిదు స్వరాలు, చుక్కలు, చుక్కలు కలుపుతూ గీతలు. రాత్రి డ్యూటీ చార్టు ఎట్లా గీస్తామో అట్లాగే గీశాను. అది తప్పని నాకు తోచనే లేదు. దగ్గొచ్చేదాకా నవ్వాడు.

"చార్టు! పాటకు చార్టు గీసినాడు ఈ మహానుభావుడు! నా గూడ్సును లూపులో ఎన్ని గంటలు నిలబెట్టింటావో లెక్క ఉండాదా? ఎండలో ఇంజన్లో కూర్చోని నిన్ను తిట్టని తిట్టు లేదు. ఇప్పుడు పాటలో గూడా నీ కంట్రోలేనా?"

"నువ్వు యాడ ఉన్నావో నాకు కనపడేది కాదన్నా."

"కనపడకపోతే ఇనాలప్పా."

కాగితం మడిచి తన దగ్గరే పెట్టుకున్నాడు.

మరుసటి వారం కాగితం లేకుండా పోయాను. వేళ్లు వాటికి తెలిసిన దారినే పోయాయి, ఆకారం పైకి, ఆకారం కిందికి. "ఉన్నచోటనే ముందుకీ వెనక్కీ షంటింగు చేస్తాండావు" అన్నాడు. "యార్డు దాటి బయటికి రాప్పా." ఎట్లా రావాలో నాకు తెలియలేదు. నెలలు అట్లాగే పోయాయి. ఆ ఏడు వేరుశనగ విత్తినవాళ్లకు విత్తనాలు కూడా రాలేదు. అతను టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకోవడం మొదలుపెట్టాడు.

ఒక మంగళవారం సాయంత్రం పోయేసరికి గిటారు ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. "ఈపొద్దు వాయిద్దాం. రేపటికి యెట్లుంటాదో" అన్నాడు.

మొదటి నాలుగు గళ్లు ఒకే కార్డు, బాగానే సాగాయి. అయిదో గడిలో కార్డు మారాలి. అతని వేళ్లు లేచాయి కానీ దిగాల్సిన చోట దిగలేదు. తీగల మీద వెతుక్కుంటున్నాయి. కుడిచెయ్యి మాత్రం స్వరం పలకని మూగతీగల మీద తాళం కొడుతూనే ఉంది. లెక్క ప్రకారం నేను ముందుకు పోవాలి. పోలేదు. ఉన్న స్వరం మీదే ఉండిపోయాను. అది సన్నగిల్లుతుంటే మళ్లీ మెల్లగా మీటాను. మళ్లీ ఒకసారి. అతని మొహం చూడలేదు, చప్పుడే విన్నాను. చివరికి కార్డు పడింది. అప్పుడు ఆ స్వరం నుంచి కిందికి దిగాను. ఎక్కడికి దిగుతున్నానో ముందు తెలియదు. తొమ్మిదో గడిలోనూ అట్లాగే అయింది, పదోదాంట్లోనూ. ప్రతిసారీ ఆగాను. పన్నెండూ పూర్తయ్యాయి.

అతను గిటారు పక్కన మంచం మీద పెట్టాడు. కాసేపు ఎడమచెయ్యిని కుడిచేత్తో పట్టుకుని కూర్చున్నాడు.

"ఈసారి నువ్వు నిలబడినావు లూపులో" అన్నాడు.

"ఊఁ."

"గార్డు ఇంతసేపు ఆగేవాడు గాదు. తొందర మనిషి." తర్వాత, "చాల్లే. టీ తాగుదాం" అన్నాడు.

మళ్లీ అతను ఆ గిటారు పెట్టెలోంచి తీయలేదు. నేనూ వాయించమని అడగలేదు. ఇద్దరం వరండాలో కూర్చునేవాళ్లం, ఆ తర్వాత చాలా కాలం.

ఆ మంగళవారం పేజీ ఇప్పుడు నా ముందుంది. వాన లేదు. కుళాయి రాలేదు. సాయంత్రం గిటారు, పన్నెండు గళ్లు, ఒకసారి. నిమిషాలు రాయాల్సిన చోట ఖాళీ. ఆ పూట గడియారం చూసినట్టు లేదు.