చేతికి ఆది

మా ఆయన్ని కార్లవాళ్ళు కాటా అని పిలుస్తారు. పెళ్ళైన కొత్తలో నాకు ఆ పేరు నచ్చలేదు. బంగారంలాంటి పేరుండగా ఈ తూకాల పేరేమిటని మూతి ముడుచుకున్నాను. పోనుపోను నేనూ అలవాటు పడ్డాను. ఎవరైనా ఫోన్ చేసి "కాటా ఉన్నాడా అమ్మా?" అంటే, "ఉన్నారు, ఇప్పుడే భోంచేసి ఇంకాస్త బరువెక్కారు" అనేదాన్ని.

ఆ పేరు రావడానికి కారణం ఆయన కుడిచెయ్యి. ముందు గదిలో నా కుట్టుమిషను, వెనక రేకుల షెడ్డులో ఆయన పని. ఆయన చేసేది ఒకటే పని. కారు వెనక ఇరుసు మధ్యలో ఉండే డిఫరెన్షియల్ విప్పి బాగుచేయడం. కారు మలుపు తిరిగేటప్పుడు బయటి చక్రం ఎక్కువ దూరం వెళ్ళాలి, లోపలిది తక్కువ. రెండింటినీ దేని దారిన దాన్ని పోనిచ్చే గేర్ల గుండు అది. మామూలు కార్లకి ఆ మాత్రం చాలు. పందెం ట్రాకు మీద జోరుగా మలుపు తీసుకుంటే మాత్రం లోపలి చక్రం తేలిపోతుంది. ఇంజను బలమంతా ఆ తేలిన చక్రాన్ని గిర్రున తిప్పడానికే ఖర్చవుతుంది. పనిచేసేవాణ్ణి పస్తుపెట్టి, గాలికి తిరిగేవాడికి వడ్డించినట్టు.

అందుకని ట్రాకు కార్లకి ఆ గుండులో ఉక్కు పలకల దొంతర ఒకటి ఉంటుంది. పలకలు ఒకదాన్నొకటి నొక్కుకుని, తేలిన చక్రాన్ని విర్రవీగనివ్వకుండా రెండో దానికీ పని పంచుతాయి. వాడగా వాడగా అవి అరుగుతాయి, నొక్కుడు తగ్గుతుంది. అప్పుడు విప్పి, కొత్త పలకలు వేసి, సందులో కాగితమంత పలుచని బిళ్ళలు చేర్చి మళ్ళీ బిగించాలి.

ఎంత బిగించాలన్నదే అసలు విద్య. కారు ట్రాకుకే పరిమితమైతే ఎంత బిగించినా అడిగేవాడు లేడు. ఆదివారం ట్రాకు మీద తిరిగిన కారులోనే సోమవారం ఉద్యోగానికి వెళ్ళేవాళ్ళతోనే చిక్కు. మరీ బిగిస్తే పార్కింగులో తిప్పినప్పుడల్లా కటకటమంటుంది, వాన రోడ్డు మీద తోక విసురుతుంది. వదిలేస్తే కొత్త పలకలు వేసీ వేయనట్టే. మా ఆయన గుండుని కారుకి ఎక్కించాక ఒక వెనక చక్రం నేలమీదే ఉంచి, రెండోది జాకీతో లేపి, దానికి పొడుగాటి ఇనపగడ బిగించి మెల్లగా కిందికి లాగేవారు. పలకలు పట్టు వదిలి చక్రం ఎప్పుడు కదులుతుందో ఆయన చేతికి తెలిసేది. "ఇంకో బిళ్ళ" అనో, "చాలు" అనో అనేవారు. అది ఎంతో అంకెల్లో చెప్పమంటే నవ్వేవారు.

"అంకెలు నట్లకి. దీనికి నా చెయ్యి."

అలాంటి చెయ్యి ఏ ఇనుము కిందో నలిగి విరిగుంటే అదొక గౌరవం. మా ఆయన బాత్‌రూములో సబ్బు మీద కాలేసి, బకెట్టు అంచు మీద పడి మణికట్టు విరగ్గొట్టుకున్నారు. చూడ్డానికి వచ్చినవాళ్ళందరికీ షెడ్డులో జారానని చెప్పుకున్నారు. నేను కాదనలేదు, ఔననలేదు.

కట్టు విప్పాక ఎముక బాగా అతికిందని డాక్టరు అన్నాడు, పట్టు ఎంతవరకు తిరిగొస్తుందో మాత్రం చెప్పలేనన్నాడు. మా ఆయన రెండో మాట విననట్టే ఇంటికొచ్చారు. పొద్దస్తమానం రబ్బరు బంతి నొక్కుతూ కూర్చునేవారు. వంటింట్లోకి వచ్చి డబ్బా మూతలు తీసి, "చూశావా, వచ్చేసింది" అనేవారు. ఆయన వచ్చేలోపు ఆ మూతలన్నీ నేను కాస్త వదులు చేసి ఉంచేదాన్ని.

ఆ తర్వాత చేతికొచ్చిన మొదటి పని మా చెల్లి కారు. మా చెల్లి పళ్ళ డాక్టరు. నేలకి రాసుకునేంత కిందికుండే ఎర్రకారు ఒకటి పెట్టుకుని, వారమంతా అందులోనే క్లినిక్కి వెళ్ళొస్తుంది, ఆదివారం ఊరి బయట ట్రాకు మీద దాన్ని పరిగెత్తిస్తుంది. మలుపుల్లో లోపలి చక్రం ఊరికే తిరిగిపోతోందని తీసుకొచ్చింది.

"నేను కూడా చెయ్యి వెయ్యనా బావా?" అంది.

"నువ్వు మనుషుల పళ్ళు చూసుకో మరదలా. గేరు పళ్ళు నాకొదిలెయ్" అన్నారు ఈయన.

అది వెళ్ళాక నాతో మామూలు గొంతుతోనే చెప్పారు. "ఇది కుదిరితే షెడ్డు ఉంటుంది. కుదరకపోతే సామాను ఎవరికో ఒకరికి ఇచ్చేసి తాళం వేస్తాను. చెయ్యి లేని కాటా ఎవరికి కావాలి?"

ఆయన ఉత్తినే మాటలు పారేసే మనిషి కాదు. ఆ రోజు నుంచి నా కుట్లు వంకర పోయాయి.

పని మాత్రం ముచ్చటగా సాగింది. గుండు విప్పితే పాత పలకలు వేడికి నీలం తిరిగి, అద్దాల్లా నున్నగా ఉన్నాయి. వాటి మందం కొలిచి పక్కన పడేశారు. కొత్త పలకల్ని నూనెలో నానబెట్టడానికి నా వంటింటి పళ్ళెం ఎత్తుకుపోయారు, మాట మాత్రం చెప్పలేదు. గేర్ల పళ్ళకి పసుపురంగు ముద్ద పూసి, తిప్పి, పళ్ళు ఒరుసుకున్న అచ్చు సరిగ్గా మధ్యలో పడేదాకా సర్దారు. నన్ను దేనికీ రానివ్వలేదు. చివరికి గడ బిగించి లాగారు. మొహం కందిపోయింది, మెడ నరం ఉబ్బింది, చక్రం మెల్లగా కదిలింది.

"చాలు" అన్నారు. ఆ మాట విని ఎన్నాళ్ళయిందో. నాకు కళ్ళు చెమర్చాయి.

చెల్లి కొత్త పలకలు కుదురుకునేదాకా కారుని వారమంతా నెమ్మదిగా తిప్పి, ఆదివారం ట్రాకుకి వెళ్ళింది. అటునుంచి అటే మా ఇంటికొచ్చింది.

"అద్భుతంగా ఉంది బావా. అసలు కొత్తదానిలా ఉంది."

ఈయన నవ్వుతూ కారు చుట్టూ తిరిగి, వెనక వంగారు. ఆ ట్రాకులో మలుపులు దాదాపు అన్నీ కుడివైపే, అంటే లోపలి చక్రం కుడిదే. ఎడమ టైరు బాగానే ఉంది. కుడివైపు టైరు మాత్రం రబ్బరు ముద్దలు కట్టి, తురుముపీట మీద రుద్దినట్టుంది. ఆయన దాన్ని అరచేత్తో తడిమి చూశారు.

"మరదలా, పన్ను పీకేటప్పుడు నొప్పి లేదని చెప్తావా?"

"మత్తిచ్చాకే చెప్తా బావా."

"మరి నాకెందుకిచ్చావు మత్తు?"

చెల్లి తలొంచుకుంది. "నీ మొహం చూసి చెప్పలేకపోయాను. ఇదివరకటిలాగే తిరిగిపోతోంది. కొంచెం నయం, అంతే."

ఆయన షెడ్డుకి తాళం వేసి, ఇంట్లోకి వచ్చి కాళ్ళు కడుక్కున్నారు. పని చెడిందని ఆయనకి బాధ ఉంది, కాదనను. కానీ మరదలు తనని మంచం మీది రోగిలా చూసి అబద్ధమాడిందే, ఆ బాధ ముందు అది ఏపాటిది? నాకు చెల్లి మీద కోపమొచ్చింది. డబ్బాల మూతలు గుర్తొచ్చి నోరు మూసుకున్నాను.

ఇక మొదలైంది నా అవస్థ. పని లేని మగాడు ఇంట్లో కూర్చుంటే పిల్లి పిల్లల్ని మార్చినట్టు వస్తువులు మారుస్తుంటాడు. దారపు కండెలు రంగుల వరసలో సర్దారు. మిషనుకి అక్కర్లేని నూనె పోశారు. ఒకరోజు నా కత్తెర తీసుకుని సబ్బు కవరు కత్తిరించబోయారు. బట్ట తప్ప ఇంకేదీ ఆ కత్తెరకి తగలకూడదు. నా పెళ్ళికి ముందు నుంచీ అది నియమం. కాగితానికి తగిలినా పదును చచ్చిపోతుంది.

"అక్కడ పెట్టండి దాన్ని" అని అరిచినంత పనిచేశాను. "చెయ్యి పోయిందని ఏడుస్తూ కూర్చున్నారు సరే, నా చెయ్యి కూడా పోగొడతారా?"

ఆయన కత్తెర కింద పెట్టారు. "ఏం చెయ్యమంటావు? బలం తగ్గిన చేతికి సగం బరువే నిండు బరువులా అనిపించింది. నిజం బరువెంతో నేనెప్పుడూ అంకెల్లో రాసుకోలేదు. కొలిచిన చెయ్యే పోయింది."

సరిగ్గా అప్పుడు నా మిషను మీద ఒక పాత చొక్కా ఉంది. కొలతలు ఇవ్వడం ఇష్టంలేని వాళ్ళు తమకి బాగా కుదిరిన పాత బట్ట ఒకటి తెచ్చి పడేస్తారు. దాన్ని ఆది అంటాం. మనిషి రానక్కర్లేదు, టేపు పెట్టక్కర్లేదు. ఆది ఉంటే ఆ మనిషి ఉన్నట్టే.

"మీ చేతికి ఆది లేదా?" అన్నాను. "పడకముందు మీరు బిగించింది, మళ్ళీ ఎవరూ విప్పనిది, ఒక్కటైనా ఉండదూ ఊళ్ళో?"

ఆయన నా మొహం వంక చూశారు, చొక్కా వంక చూశారు. "బేకరీ ఆయన కారు" అన్నారు.

బేకరీ ఆయనది కూడా చెల్లి కారులాంటిదే. వారమంతా రొట్టెల పెట్టెలు మోస్తుంది, సెలవు రోజున ట్రాకు ఎక్కుతుంది. మా ఆయన దాన్ని బాగుచేసిన కొన్నాళ్ళకే ఇంజను చెడి, ఆ కారు చాలాకాలం మూలపడి, ఈమధ్యే మళ్ళీ రోడ్డెక్కింది. అంటే పలకలు ఇంకా కొత్తవే. ఫోన్ చేస్తే ఆయన వెంటనే కారేసుకుని వచ్చాడు.

"ఏం కాటా, నా బండి ఏమైనా తప్పు చేసిందా?"

"లేదు. నా వస్తువొకటి దాంట్లో ఉండిపోయింది, చూసుకుందామని."

ఒక చక్రం లేపి గడ బిగించారు. ఈసారి చెయ్యి వెయ్యలేదు. బాత్‌రూములోంచి బకెట్టు తెమ్మన్నారు. అవును, ఆ బకెట్టే. దాన్ని గడ చివర గాట్లో వేలాడదీసి, నన్ను చెంబుతో నీళ్ళు పొయ్యమన్నారు. పోస్తూ పోస్తూ ఉన్నాను. గడ ఉలకలేదు, పలకలేదు. నీళ్ళు అంచుకి కొంచెం కిందికి వచ్చేసరికి, నిద్రలో ఒత్తిగిలినట్టు చక్రం మెల్లగా కదిలి, బకెట్టు నేలకి దిగింది.

"గీత పెట్టు" అన్నారు.

చేతిలో ఇంకేమీ లేదు. మెడలో టేపు, నడుముకి కత్తెర ఉన్నాయి. కత్తెర తీసి, నీటి మట్టం దగ్గర బకెట్టు మీద మొనతో గట్టిగా గీశాను. ప్లాస్టిక్కు కిర్రుమంది. నా నియమం సంగతి తెలిసిన ఆయన కత్తెర వంక, నా వంక చూశారు.

బేకరీ ఆయన వెళ్ళాక బకెట్టు పక్కకి పెట్టబోయి, ఒక చేత్తో ఎత్తలేకపోయాను.

"బరువుందా?" అన్నారు.

"ఉంది."

"అది నా పాత చెయ్యి."

మర్నాడు చెల్లి కారుకి అదే గడ, అదే బకెట్టు. సగం కూడా నిండకుండానే చక్రం జారిపోయింది. గీతకీ నీళ్ళకీ మధ్య ఖాళీని ఆయన చాలాసేపు చూశారు. నాకు చెప్పలేనంత దిగులేసింది. మనిషి దగ్గర్నుంచి ఏం పోయిందో అలా కంటికెదురుగా కొలిచి చూపించకూడదు.

"సరే, ఇంత పోయింది" అన్నారు ఆయన. "తెలిసింది కదా. విప్పుదాం పట్టు."

పట్టు అన్నారు. ఈసారి నేనూ షెడ్డులోనే ఉన్నాను. రెంచి పిడి చివర ఆయన ఎడమచెయ్యి, నా రెండు చేతులు. నా పళ్ళెం మళ్ళీ నూనె పాలైంది. బిళ్ళలు చేర్చి బిగించి, కారుకి ఎక్కించి, నీళ్ళు పోసి చూస్తే, గీత దాటి అంచు మీంచి పొర్లినా చక్రం కదల్లేదు. మరీ బిగుసుకుంది. మళ్ళీ దింపి, ఒక బిళ్ళ తీసి పలుచనిది వేశాం. ఆ మూడోసారికి చెల్లి కూడా క్లినిక్కి సెలవు పెట్టి వచ్చి గుమ్మంలో నిలబడింది. ఒక్కో చెంబూ పోస్తున్నాను. నీళ్ళు గీతని తాకాయి. చక్రం కదిలింది.

ఆయన బకెట్టు తీసేసి, గడ మళ్ళీ పైకి సర్ది, కుడిచేత్తో పట్టుకుని లాగారు. మొహం కందింది, నరం ఉబ్బింది. మడమలు తన్నిపెట్టి ఇంకా లాగారు. చక్రం కదల్లేదు.

గడ వదిలేసి చెయ్యి దులుపుకుంటూ మావైపు తిరిగారు.

"నాకు కదలట్లేదు. సరిగ్గా ఉంది."

"నిజంగానా బావా?" అంది చెల్లి.

"నేను పళ్ళ డాక్టర్ని కాదుగా, అబద్ధమెందుకు చెప్తాను?"

ఆ ఆదివారం చెల్లి ట్రాకు నుంచి వస్తూనే మొహం చిట్లించి, "పార్కింగులో తిప్పేటప్పుడు కొంచెం గొణుగుతోంది బావా" అని ఫిర్యాదు చేసింది. ఆయన వెనక టైర్లు రెండూ ఒకేలా ఉండడం చూసి, గుండులో నూనె మారిస్తే పోతుందిలే అన్నారు. ఆ ఫిర్యాదుకి ఎంత సంతోషించారో నాకు తెలుసు.

ఆ రాత్రి భోజనాల దగ్గర తల ఎత్తకుండానే, "ఇదిగో, డబ్బాల మూతలు వదులు చేసి పెట్టడం ఇక మానెయ్" అన్నారు.

మానేశాను. ఇప్పుడు అన్నీ గట్టిగానే బిగిస్తున్నాను. ఆయన ఒకసారి ప్రయత్నిస్తారు, రాకపోతే డబ్బా నా చేతికిచ్చి షెడ్డులోకి వెళ్ళిపోతారు.