ఆయనకు వినిపించాక

2023 వేసవిలో చోడవరంలో ఒక చెవి డాక్టరుగారి దగ్గర ఆడియాలజిస్టుగా చేస్తున్నాను. ఎవరికి ఎంత వినిపిస్తుందో కొలిచే ఆడియోమెట్రీ పరీక్ష చెయ్యడం, వినికిడి మెషీన్లు అమర్చడం నా పని. చీడికాడ వైపు నుంచి అప్పారావు గారనే చెరకు రైతును భార్య సత్యవతి తీసుకొచ్చింది. నేను ఏది అడిగినా ఆయన భార్య మొహం చూసేవారు. ఆవిడ చెవి దగ్గరకు వెళ్లి చెబితే అప్పుడు జవాబు. ఏళ్ల తరబడి ఇంతేనట.

మెషీన్ పెట్టగానే ఫ్యాను చప్పుడు విని నవ్వారాయన. నాకు భలే సంతోషమేసింది.

వారం తిరిగాక సత్యవతి ఒక్కతే వచ్చి, మెషీన్లో సౌండు కొంచెం తగ్గించమంది. ఆయనకు గోలగా ఉందా అంటే, కాదంది. చాలాసేపు నసిగి అసలు సంగతి చెప్పింది. అన్నదమ్ములది ఉమ్మడి సాగు. మరిదిది దురుసు నోరు. "ఆ చెవిటోడు నీళ్లెప్పుడు కడతాడంట" అని అతనంటే, "వీలు చూసుకుని నీళ్లు కట్టమంటన్నాడు మీ తమ్ముడు" అని ఈవిడ భర్తకు చేరవేసేది. ఇప్పుడు ఆయన చెవులారా విన్నారు. తమ్ముడితో వేరుపడి పొలం పంచుకుంటానంటున్నారు.

"మా ఆయన నన్ను అబద్దాలకోరన్నాడు మేడమ్. ఆ మాటలన్నీ ఇన్నేళ్లూ నానే కదా ఇన్నాను."

పేషెంటు అడగందే సౌండు మార్చకూడదు. ఆయన్ని తీసుకురమ్మన్నాను. ఫైన్ ట్యూనింగ్, అంటే మెషీన్ పెట్టుకున్నవాళ్ల ఇబ్బందులు విని సౌండు సరిచెయ్యడం, ఎలాగూ ఉంది.

ఇద్దరూ వచ్చారు. ఆయన మొహంలో కోపం లేదు, దిగులుంది.

"అందరి మాటలూ ఇనిపిస్తన్నాయి. మా ఇంటిదాని గొంతొక్కటే ఇనపడ్డం లేదు. మిషన్లో ఏటైనా తేడా ఉందేటో సూడమ్మా."

చూశాను. ఏ తేడా లేదు. పక్కనే కూర్చున్న సత్యవతిని, ఆయనతో ఎందుకు మాట్లాడడం లేదని అడిగాను. కోపం వల్లేమో అనుకున్నాను.

"కోపం కాదు మేడమ్. ఇన్నేళ్లూ ఆళ్లూ ఈళ్లూ అన్నవే మార్చి సెప్పేను. ఇప్పుడాయనకన్నీ ఇనిపిస్తన్నాయి. నా మాటలేటో నాకే తెలీటం లేదు."

ఆయన నా వైపు చూశారు, నేనేదో బటన్ నొక్కితే సరిపోతుందన్నట్టు. సౌండు పెంచలేదు, తగ్గించలేదు.

మెషీన్ కోసం ఎవరొచ్చినా ఇప్పుడు మొదట, ఇన్నాళ్లూ మీకు ఎవరు విని చెబుతున్నారని అడుగుతున్నాను. ఆ మనిషిని పక్కన కూర్చోబెడతాను. కూర్చోబెట్టాక ఏం చెప్పాలో మాత్రం నాకింకా తెలియదు.