బావను వెనక్కి పంపిన చిన్నాన్న

పోయిన ఆదివారం క్లాంగ్‌లో మా మనవరాలి కాలేజీ జట్టు ఫుట్‌బాల్ ఆట చూడటానికి వెళ్లి, మడిచిన గొడుగుతో ప్లాస్టిక్ కుర్చీని కొట్టీ కొట్టీ దాని చేతికి గీతలు పెట్టి వచ్చాను. కుడి అంచున బంతి దొరికితే ఎవరికీ చిక్కని పిల్ల మా మనవరాలు. అప్పటికే ఒక గోలు కొట్టి జట్టును ముందు నిలబెట్టింది. ఆట ఇంకా చాలా మిగిలి ఉండగానే కోచ్ చెయ్యెత్తి ఆమెను బయటికి పిలిచేశాడు. ఆమె బదులు దిగిన పొడుగుపిల్ల బంతిని వెతుక్కునేలోపే అవతలివాళ్లు గోలు కొట్టి ఆటను సమం చేసేశారు.

"ఏటిది బావా, సేతికొచ్చిన ఆటని తీసికెళ్లి కాలవలో పడేసినాడు లా!" అని ఈ దేశపు అలవాటుగా చివర 'లా' తగిలిస్తూ నేను లేచి నిలబడితే, పక్క కుర్చీలో మా అత్త కొడుకు, అంటే మా బావ, తాపీగా వేరుశనగలు నములుతూ నా చొక్కా పట్టుకుని కిందికి లాగాడు.

"కూసో బామ్మర్దీ. కోచులని తిట్టడంలో నీకు మా యమ్మ పోలికే వచ్చినాది."

ఆ ఒక్క మాటతో నేను సుంగై సుమున్ దగ్గర, మా తాతలు సముద్రం దాటొచ్చి కుదురుకున్న మా పాత కొబ్బరి ఎస్టేటుకు వెళ్లిపోయాను. కూలీల లైను ఇళ్లలో పెరిగినవారికి నేను వివరించి చెప్పనక్కరలేదు, సాయంత్రం సైరను మోగితే సగం ఎస్టేటు మైదానం గట్టు మీదే ఉండేది. నేను అప్పుడే ఆఫీసులో గుమాస్తాగా చేరి, రోజూ డైరీ రాయడం అలవాటు చేసుకుంటున్నాను. అందులో వానా ఎండల తర్వాత ఎక్కువ చోటు ఆక్రమించింది మా చిన్నాన్న నడిపే కాలేజీ జట్టే.

మా ఎస్టేటు నుంచి చదువుకుని పట్నంలో కాలేజీ మాస్టారైన మొదటి మనిషి చిన్నాన్న. పొద్దున పాఠం చెప్పి, సాయంత్రం జట్టును వెంటబెట్టుకొచ్చి, మెడలో తువ్వాలుతో మా ఎస్టేటు మైదానంలోకి దిగేవాడు. పిల్లల చొక్కాలు ఇంటికి తెచ్చి తనే ఉతికేవాడు, ఎవరు అన్నం తిన్నారో ఎవరు తినలేదో మొహం చూసి పోల్చేవాడు. ఒక కుర్రవాడి పరుగు మారితే వాడి ఇంట్లో ఏదో జరిగిందని పసిగట్టేవాడు. ఇంత గొప్పవాడు గదా, ఆటలో ఆయన నిర్ణయాలు మాత్రం మాకు కొరుకుడు పడేవి కావు. నిన్న గోలు కొట్టినవాడు ఇవాళ బయట కూర్చునేవాడు. గెలుస్తున్న ఆటలో గట్టి ఆటగాణ్ణి పిలిచేసి, కాళ్లు వణికే కొత్తవాణ్ణి దింపేవాడు. గట్టు మీద మేము తలలు బాదుకునేవాళ్లం.

ఇక్కడ ఇంకో సంగతి చెప్పాలి. మా రామాలయంలో నవమి సంతర్పణకు గరిటె పట్టినవాడు తన ఇంటివాళ్లకు ఆఖరున వడ్డించాలని ఒక పద్ధతి ఉండేది. చిన్నాన్న దాన్ని ఎంత నిష్ఠగా పాటించేవాడంటే, పాయసం మా వరుసకు వచ్చేసరికి గంగాళం అడుగు కనిపించేది. మా అత్త ఆయనకు అక్క. "మా తమ్ముడు గరిటి పట్టినాడంటే మన ఆకు ఎండిపోయినట్టే" అని నవ్వేది.

ఆ అత్త కొడుకే చిన్నాన్న జట్టులో ముందు వరుసలో ఆడేవాడు. మావయ్య పోయాక అత్తకు ఉన్న ఒకే ఆశ ఈ బావ. ఆ ఏడాది జట్టు కొట్టిన గోల్స్ అన్నీ దాదాపు ఆయనవే. కాలేజీకి ఎన్నడూ రాని కప్పు కోసం ఆఖరి ఆట ఆడుతున్నారంటే, ఎస్టేటు లారీలో ఆడామగా అందరం పట్నం వెళ్లాం. తీరా చూస్తే బావ ముందు వరుసలో లేడు, మన గోలు దగ్గర వెనక కాపలా వాళ్లలో నిలబడి ఉన్నాడు!

మాకందరికీ ఒకే కారణం తోచింది. మేనల్లుణ్ణి ముందు పెట్టి గెలిపించుకున్నాడని ఎవరూ అనకూడదని, సంతర్పణలో చేసిన పనే ఇక్కడా చేస్తున్నాడని అనుకున్నాం. అత్త అయితే గీత దాకా వెళ్లిపోయింది.

"ఒరే తమ్మీ! నా కొడుకు గోలు కొడితే నీ సొమ్మేటి పోద్దిరా? పాయసం కాడా మేమే ఆఖరు, బంతి కాడా మేమే ఆఖరా!"

లారీ జనమంతా ఆమెకు వంత పాడారు. చిన్నాన్న వెనక్కి తిరగలేదు, తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు, అంతే. ముందు వరుసలో బావ చోటులో ఆడినవాడికి గోలు ఎదుట బంతి వచ్చి వచ్చి పోయింది. ఆట చివర్లో అవతలివాళ్లు కొట్టిన ఒకే ఒక్క గోలుతో ఓడిపోయాం. బావ బూట్లు విసిరేసి మేనమామ మొహం కూడా చూడకుండా లారీ ఎక్కాడు. ఇంతకంటే ఎస్టేటు ఆసుపత్రిలో కట్లు కట్టే డ్రెస్సరును కోచ్‌గా పెట్టుకున్నా నయమని ఆనాటి డైరీలో రాసుకున్నాను.

మర్నాడు చిన్నాన్న సైకిలు మీద వచ్చి, బావ వద్దంటున్నా వెనక కూర్చోబెట్టుకుని, సరిగ్గా ఆ డ్రెస్సరు దగ్గరికే తీసుకెళ్లాడు. అత్తా నేనూ వెనకే వెళ్లాం. డ్రెస్సరు కుడి మోకాలు నొక్కగానే బావ కేకపెట్టాడు. సాధనలో ఎప్పుడో మెలికపడిన మోకాలికి మేజోడు కింద గుడ్డ కట్టుకుని ఎవరికీ చెప్పకుండా ఆడుతున్నాడట. బంతితో ఇంకొక్కసారి గట్టిగా గిర్రున తిరిగి ఉంటే జన్మంతా కుంటేవాడని డ్రెస్సరు అన్నాడు. మేనల్లుడు కొన్నాళ్లుగా ఎడమ వైపుకే తిరుగుతున్నాడని చిన్నాన్న ఒక్కడే గమనించాడు.

"మరి నాకేల సెప్పలేదురా?" అంది అత్త.

"నీకు సెప్తే లారీకి తెలుస్తాది. లారీకి తెలిస్తే అవతలి జట్టుకి తెలుస్తాది. ఆళ్లు బంతి మానేసి ఆ మోకాలే తన్నుతారు గదక్కా" అన్నాడు చిన్నాన్న. "బయట కూసోబెడితే ఆడి మనసు ఇరుగుతాది. ముందరెడితే మోకాలు ఇరుగుతాది. ఎనకయితే బంతి ఎదురుగా వస్తాది, తిరగక్కర్లేదు. కప్పుదేటి, మళ్లీ ఏడాది వస్తాది."

మళ్లీ ఏడాది కూడా కప్పు రాలేదు, అది వేరే సంగతి. ఆ తర్వాత వచ్చిన నవమికి చిన్నాన్న యథాప్రకారం గరిటె పట్టుకుని నిలబడితే, అత్త గబగబా వచ్చి అది లాక్కుని, ఆయన్ని భుజం పట్టి వరుస మొదట కూర్చోబెట్టింది. పెద్దలంతా చూస్తుండగా తొలి పాయసం ఆయన ఆకులోనే వేసింది. వద్దని ఆయన చెయ్యి అడ్డం పెడితే వేళ్ల మీదే పోసేసింది.

"ఏటలా సూస్తన్నారు? ఇన్నేళ్లూ నా తమ్ముడి ఆకే ఎండిపోనాది!"

ఈ జ్ఞాపకాల్లో ఉండగానే క్లాంగ్‌లో ఆట ముగిసింది. మనవరాలు వస్తూ వస్తూ ఫోను నా మొహం ముందు పెట్టింది. "తాతా, కోచ్‌ని తిట్టకు లా. నా జెర్సీలో చిన్న మెషిన్ ఉన్నాది, కాలు పిక్క టైట్ అయిపోనాదని ఆయనకి స్క్రీన్‌లో తెలిసిపోతాది. అమ్మకి ముందే మెసేజ్ పెట్టేసినాడు" అంది. మంచిదే. పిల్లల కాళ్లు ఇప్పుడు భద్రంగా ఉన్నాయి, నాకు సంతోషమే. మా మైదానం ఇప్పుడు పామాయిలు తోట. లారీ ఎక్కిన జనం తలో ఊరికి చెదిరిపోయారు, వాళ్ల మనవలు తెలుగు విని తమిళంలో జవాబిస్తారు. కోచ్ ఇచ్చే సంజాయిషీ మన కోపం కంటే ముందే ఇల్లు చేరుతోంది. లారీడు మంది తిట్లు వీపున మోస్తూ, ఒక్క మోకాలి మీదే చూపు నిలిపి ఆట అయ్యేదాకా నోరు విప్పకుండా నిలబడిన మా చిన్నాన్నలాంటి మనిషి అవసరం ఇక లేదేమో. అవసరం లేకపోవడం మంచిదే అయినా, నాకెందుకో వెలితిగానే ఉంది. ఆనాడు ముందు వరుసకు ఎంచిన కుర్రవాడు మాత్రం తప్పు ఎంపికేనని ఇప్పటికీ నా వాదన.

మనవరాలి బూటు ముడి బిగుసుకుపోతే బావ గడ్డి మీద గొంతుకూర్చుని, ఓపికగా విప్పి, దేన్నీ పట్టుకోకుండా లేచి నిలబడ్డాడు. డెబ్బై దాటిన మనిషి. నేను ఆయన కుడి మోకాలి వైపే చూస్తూ ఉండిపోయాను.